టోర్టియా తిరగేయడం, సల్సా కాల్చడం: స్పెయిన్, మెక్సికో గుడ్డు వంటలు ఇంట్లో ఎలా చేయాలి

మాడ్రిడ్‌లో ఏ చిన్న హోటల్లో కూర్చుని టోర్టియా అడిగినా, కేకులా కోసిన మందపాటి ఆమ్లెట్ ముక్క తెచ్చి పెడతారు. అదే మాట మెక్సికో సిటీలో అంటే గుడ్డలో చుట్టిన వేడివేడి మొక్కజొన్న రొట్టెలు వస్తాయి. స్పానిష్‌లో టోర్టా అంటే గుండ్రటి కేకు లాంటిది, టోర్టియా అంటే చిన్న టోర్టా. 16వ శతాబ్దంలో మెక్సికో వెళ్లిన స్పెయిన్ వాళ్లకు అక్కడి జనం త్లష్‌కల్లి అని పిలుచుకునే రొట్టె గుండ్రంగా కనబడింది. తమకు తెలిసిన పేరే దానికీ తగిలించేశారు. షాపుల్లో ప్యాకెట్ మీద టోర్టిల్లా అని చదువుతున్నది ఈ రెండోదే.

తమాషా ఏమిటంటే, స్పెయిన్ టోర్టియాలో ఉండే బంగాళాదుంప దక్షిణ అమెరికాది. మెక్సికో వాళ్ల పొద్దుటి పళ్లెంలో ఉండే కోడిగుడ్డు స్పెయిన్ ఓడల్లో వెళ్లిన కోళ్లది. అంతకుముందు మెక్సికోలో పెంచుకున్నవి టర్కీ కోళ్లు. అంటే ఒకరి వంటకం రెండోవాళ్లు ఇచ్చిన సరుకు మీద నిలబడింది. మన టమాటా, మిరప కూడా ఆ వైపు నుంచి వచ్చినవే కాబట్టి సరుకుల కోసం మనం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

వెతుక్కోవాల్సింది ఓపిక. గుడ్డే కదా, అయిదు నిమిషాల్లో అయిపోతుందని స్టవ్ దగ్గరికి వెళ్తే ఈ వంటలు కుదరవు. రెండు దేశాల్లోనూ గుడ్డు చివరి మూడు నాలుగు నిమిషాల పని. అంతకుముందు దుంప నూనెలో మగ్గడం, టమాటా పెనం మీద నల్లబడటం, వీటిలోనే రుచి అంతా ఉంది. ఇంకో మాట: పసుపు, జీలకర్ర, అల్లం వెల్లుల్లి పేస్టు ఉన్న డబ్బాలు ఈ పూటకు పక్కన పెట్టండి. వేస్తే పాడవదు, బాగానే ఉంటుంది. కానీ అది మన గుడ్డు కూరే అవుతుంది.

స్పెయిన్ టోర్టియా

నలుగురికి: బంగాళాదుంపలు 600 గ్రాములు, గుడ్లు ఏడు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, ఉప్పు, నూనె 350 నుంచి 400 మిల్లీలీటర్లు. స్పెయిన్ వాళ్లు ఆరు పెద్ద గుడ్లతో చేసేదానికి నేను ఏడు వేస్తాను, మన దగ్గర గుడ్లు కాస్త చిన్నవి కాబట్టి. పెనం విషయంలో మాత్రం రాజీ లేదు. 22 నుంచి 24 సెంటీమీటర్ల వెడల్పు, కాస్త లోతు, గీతలు పడని నాన్‌స్టిక్ కావాలి. అంతకంటే వెడల్పుదైతే టోర్టియా అట్టులా పల్చబడిపోతుంది.

నూనె అంతా అని కంగారు పడకండి, వంటయ్యాక మూడొంతులు గిన్నెలోకి తిరిగి వస్తుంది. అక్కడి ఇళ్లలో వాడేది ఆలివ్ నూనె. దాని వాసన ఈ వంటలో సగం రుచి అని ఒప్పుకోవాలి. లీటరు ధర చూసి గుండె ఆగితే సగం ఆలివ్, సగం సన్‌ఫ్లవర్ కలపండి. పూర్తిగా సన్‌ఫ్లవర్‌తో చేసినా తినొచ్చు, కాస్త చప్పగా అనిపిస్తుంది. గానుగ వేరుశనగ నూనె మాత్రం వద్దు, దాని వాసన దుంపను మింగేస్తుంది.

ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది స్పెయిన్‌లో తేలని తగువు. వేసేవాళ్లకూ వద్దనేవాళ్లకూ విడివిడిగా పేర్లు కూడా ఉన్నాయి. మన ఇళ్లలో ఉప్మాలో టమాటా గొడవ లాంటిదే, కాకపోతే దేశం మొత్తానికి. నేను ఉల్లి పక్షం.

1. దుంపలు కడిగి, చెక్కు తీసి, బట్టతో తడి తుడవండి. సగానికి కోసి, పావు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ మందంలో పల్చటి ముక్కలు తరగండి. అన్నీ ఒకేలా ఉండక్కర్లేదు. పల్చటివి కరిగి గుడ్డులో కలిసిపోతాయి, మందంవి పంటికి తగులుతాయి, రెండూ కావాలి. తరిగాక మళ్లీ కడగకండి, పైనున్న పిండి గుడ్డును పట్టుకోవడానికి పనికొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు వాడకండి. చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది, ఉడికేలోపే ఎర్రబడిపోతుంది.

2. పెనంలో నూనె పోసి మధ్యస్థంగా వేడెక్కాక దుంపలు, సన్నగా పొడుగ్గా తరిగిన ఉల్లిపాయ, ఒక చెంచా ఉప్పు వేయండి. మొదట్లో చుయ్‌మంటుంది. రెండు నిమిషాలయ్యాక మంట తగ్గించండి. ఇప్పుడు వినబడాల్సింది వేపుడు చప్పుడు కాదు, అన్నం ఇగిరేటప్పుడు మూత కింద వినబడే చిన్న గుసగుస. ముక్కల చుట్టూ ఆవగింజంత బుడగలు లేస్తుండాలి. మధ్యమధ్యలో అట్లకాడతో మెల్లగా అడుగు నుంచి పైకి తిప్పుతూ 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. ముక్కలు విరిగితే విరగనివ్వండి. అట్లకాడ అంచుతో నొక్కగానే దుంప రెండుగా విడిపోయి, ఉల్లిపాయ అద్దంలా మెరుస్తుంటే అయినట్టు. అక్కడక్కడా లేత బంగారు రంగు పర్వాలేదు. చిప్స్‌లా కరకరలాడితే మాత్రం మంట ఎక్కువైంది.

3. కింద గిన్నె పెట్టి చిల్లుల గిన్నెలోకి మొత్తం వంపండి. నూనె కారిపోనివ్వండి, అయిదు నిమిషాలు చల్లారనివ్వండి. పొగలు కక్కుతున్న దుంపను గుడ్డులో వేస్తే గుడ్డు అక్కడికక్కడే ఉడికి ముద్దలు కడుతుంది.

4. పెద్ద గిన్నెలో గుడ్లు, అర చెంచా ఉప్పు వేసి ఫోర్క్‌తో కలపండి. నురుగు రానక్కర్లేదు, తెల్ల పచ్చ కలిస్తే చాలు. దుంపలు అందులో వేసి, మెల్లగా కలిపి, పావుగంట వదిలేయండి. ఈ పావుగంట చాలామంది ఎగ్గొట్టేస్తారు. ఎగ్గొడితే కోసినప్పుడు దుంప ఒకవైపు, గుడ్డు ఒకవైపు వస్తాయి. ఉప్పు సరిపోయిందో లేదో ఒక దుంప ముక్క తిని ఇప్పుడే చూసుకోండి. పచ్చిగుడ్డు అంటుకున్న ముక్క వద్దనుకుంటే, మూడో దశలో చిల్లుల గిన్నెలో ఉండగానే చూడండి.

5. అదే పెనం తుడిచి, వడకట్టిన నూనెలోంచి రెండు చెంచాలు పోసి బాగా వేడెక్కనివ్వండి. మిశ్రమం పోయగానే అంచు చుట్టూ చుయ్‌మని ఉబ్బాలి. అర నిమిషం తర్వాత మంట తగ్గించి, అట్లకాడతో అంచులు లోపలికి నెడుతూ గుండ్రంగా తీర్చండి. మూడు నాలుగు నిమిషాలకు, పెనం పిడి పట్టుకుని ఊపితే టోర్టియా మొత్తం ఒకటిగా జరుగుతుంది. పైన ఇంకా తడిగా, వణుకుతూ ఉంటుంది. తిరగేయాల్సిన సమయం అదే.

6. పెనం కంటే కనీసం రెండు మూడు వేళ్లు వెడల్పున్న, అంచు లేని చదును పళ్లెం తీసుకోండి. పెనం మీద బోర్లించి, అరచెయ్యి పళ్లెం మధ్యలో గట్టిగా నొక్కి, సింక్ దగ్గరికి వెళ్లి ఒక్క ఊపులో తిప్పేయండి. మెల్లగా, భయంభయంగా తిప్పితేనే జారుతుంది. నా మొదటి టోర్టియా సగం పళ్లెంలో, సగం బర్నర్ మీద పడింది. పళ్లెం పెనమంతే ఉంది, పైగా అంచు ఎత్తున్న అన్నం కంచం. తర్వాత స్టవ్ కడగడానికి పట్టిన టైములో ఇంకో టోర్టియా అయ్యేది. చేతి మీద వేడి నూనె పడకుండా మణికట్టు దాకా తువ్వాలు చుట్టుకోండి.

7. పెనంలో కాస్త నూనె రాసి, పళ్లెంలోంచి టోర్టియాను మెల్లగా జార్చండి. అంచులు మళ్లీ కిందికి మడవండి. రెండు నిమిషాలు చాలు. నచ్చితే మళ్లీ ఒకసారి తిరగేస్తే ఆకారం గుండ్రంగా వస్తుంది.

ఎంత ఉడకాలన్నది ఇంకో తగువు. గలీసియా ప్రాంతంలోని బెతాన్సోస్ ఊళ్లో ఉల్లి వేయరు, కోయగానే లోపలి గుడ్డు చిక్కటి పాయసంలా పళ్లెంలోకి కారాలి. చూడ్డానికి బాగుంటుంది కానీ గుడ్లు ఎప్పటివో తెలియనప్పుడు ఆ సాహసం వద్దు. పిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు పెట్టేదైతే లోపలిదాకా గట్టిపడనివ్వండి. సన్న మంట మీద ఇంకో మూడు నిమిషాలు పడుతుంది, అంతే.

దించాక పది నిమిషాలు ఆగి కోయండి. ఇది వేడివేడిగా తినే వంట కాదు. గోరువెచ్చగా, చల్లారాక కూడా బాగుంటుంది.

ఈ దుంపంతా ఎందుకు వచ్చిందో చెప్పే కాగితం ఒకటి ఉంది. 1817లో నవార్రా ప్రాంతపు సభకు పేరు లేకుండా ఒక అర్జీ వెళ్లింది. రైతుల ఇళ్లలో అయిదారుగురికి రెండు మూడు గుడ్లే ఉంటాయని, ఆడవాళ్లు వాటిలో దుంపలు, రొట్టె ముక్కలు కలిపి పెద్దదిగా, లావుగా టోర్టియా చేస్తారని అందులో ఉంది. చారులో నీళ్లు పోసి బంతిని సరిపెట్టే చెయ్యి ఎక్కడైనా ఒక్కటే. గుడ్లు నాలుగే ఉన్న రోజున మీరూ దుంప పెంచి చేయొచ్చు, కాకపోతే తిరగేసేటప్పుడు విరిగే ప్రమాదం ఎక్కువ.

అంచుకు లేసు వచ్చేలా గుడ్డు వేయించడం

ఇది స్పెయిన్ వాళ్ల రోజువారీ పని. వేయించిన గుడ్డు చుట్టూ కరకరలాడే గోధుమరంగు అంచును పుంతియా అంటారు, అంటే లేసు. వేలాస్కెస్ అనే చిత్రకారుడు 1618లో సెవిల్‌లో గుడ్లు వేయించే ముసలమ్మ బొమ్మ వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో గ్యాలరీలో ఉంది. మట్టిపాత్రలో గుడ్లు, అవ్వ చేతిలో చెక్క చెంచా, చూస్తే ఆ చెంచా ఎందుకో తెలుస్తుంది.

చిన్న మూకుడులో వేలెడు లోతు నూనె పోసి బాగా కాగనివ్వండి, పొగ మాత్రం రాకూడదు. గుడ్డు ముందుగా కప్పులో కొట్టి ఉంచుకోండి. మూకుడు కొంచెం వంచి, కప్పును నూనెకు దగ్గరగా తెచ్చి జార్చండి. తెల్లసొన వెంటనే ఉబ్బి, అంచులు పూతరేకు ముక్కలా ముడతలు పడతాయి. పెద్ద చెంచాతో వేడి నూనె తీసి తెల్లసొన మీద పోస్తూ ఉండండి. పచ్చసొన మీద ఒక్కసారి చాలు. మొత్తం 45 సెకన్ల నుంచి ఒక నిమిషం. చిల్లుల గరిటెతో తీసి అప్పుడు ఉప్పు చల్లండి. గుడ్డుకు తడి ఉంటే నూనె చిమ్ముతుంది, కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు పెంకు తుడుచుకుని కొట్టండి.

ఇలాంటి రెండు గుడ్లను అప్పుడే వేయించిన దుంప ముక్కల మీద పెట్టి, కత్తితో పొడిచి, పచ్చసొన దుంపల్లోకి ఇంకేలా కలిపేస్తే అదే వేవోస్ రోతోస్, విరిగిన గుడ్లు. మాడ్రిడ్‌లో 1974లో మొదలైన కాసా లూసియో అనే హోటల్ ఈ ఒక్క వంటకంతోనే పేరు తెచ్చుకుంది. చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదు, తినడమే.

మెక్సికో వేవోస్ రాంచేరోస్

పశువుల కొట్టాల మీద, పొలాల మీద పనిచేసే వాళ్ల పొద్దుటి తిండి ఇది. కింద రొట్టె, పైన గుడ్డు, దాని మీద కాల్చిన టమాటా సల్సా, పక్కన మెదిపిన చిక్కుడు గింజలు. నాలుగు పనులూ విడివిడిగా తేలికే, సమయం కుదర్చడంలోనే ఉంది తిప్పలంతా. అందుకే సల్సా, గింజలు ముందు రోజే చేసి పెట్టుకోండి.

సల్సాకు అరకిలో పండిన టమాటాలు, పచ్చిమిర్చి రెండు మూడు, పావు ఉల్లిపాయ, తొక్కతో రెండు వెల్లుల్లి రెబ్బలు. అక్కడ వాడే సెర్రానో మిరపకు మన పచ్చిమిర్చి దగ్గరగానే ఉంటుంది. ఇనప పెనం ఉంటే అది తీయండి, నాన్‌స్టిక్‌ను ఈ మంటకు బలిపెట్టకండి. నూనె చుక్క లేకుండా పెనం కాల్చి, అన్నీ దాని మీద పెట్టండి. వెల్లుల్లి, మిర్చి ముందుగా మచ్చలు పడతాయి, తీసేయండి. టమాటాలు పది, పన్నెండు నిమిషాలు తిప్పుతూ ఉండాలి. తొక్క నల్లగా పగిలి, లోపలి రసం పెనం మీద పడి చిటపటమనాలి. నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి తిన్నవాళ్లకు ఈ నలుపు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మాడిన తొక్కంతా ఒలిచేయకండి, బాగా బొగ్గయిన చోట మాత్రం తీసేయండి.

మెక్సికోలో దీన్ని నూరేది మోల్కహేతేలో, అంటే మూడు కాళ్ల నల్లరాతి రోలు. మీకు రోలు ఉంటే ముందు వెల్లుల్లి, మిర్చి, ఉప్పు నూరి, తర్వాత ఉల్లి, చివరికి టమాటా వేసి కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ అయితే రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పండి, జ్యూస్ చేయకండి. ఇక ముఖ్యమైన పని: మూకుడులో చెంచాన్నర నూనె బాగా కాగాక సల్సా మొత్తం ఒక్కసారే పోయండి. భగ్గుమన్నట్టు చప్పుడవుతుంది, ఒక అడుగు వెనక్కి నిలబడండి. ఆరేడు నిమిషాలు మరిగితే పచ్చివాసన పోయి, ఎరుపు చిక్కబడి, గరిటె గీసిన దారి ఒక క్షణం అలాగే నిలుస్తుంది. పుల్లగా ఉంటే పర్వాలేదు, పచ్చసొన దాన్ని సర్దుతుంది.

గింజలకు రాజ్మా చాలు. మెక్సికో ఉత్తరాన పింటో అనే మచ్చల గింజలు, దక్షిణాన నల్ల గింజలు ఎక్కువ వాడతారు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించండి. సరిగ్గా ఉడకని రాజ్మా కడుపు పాడుచేస్తుంది, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. నూనెలో కాస్త ఉల్లి వేయించి, గింజలు, ఉడికిన నీళ్లు కొంచెం పోసి, పప్పుగుత్తితో మెదుపుతూ దగ్గర పడేదాకా వేయించండి. వీటిని ఫ్రిహోలెస్ రెఫ్రితోస్ అంటారు. రెండుసార్లు వేయించినవని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడి వాడుకలో ఆ మాటకు బాగా వేయించినవని అర్థం.

ఇక రొట్టె. ఇక్కడే మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. కిరాణా కొట్లో దొరికే మొక్కజొన్న పిండి నీళ్లతో కలిపి ఒత్తితే పగుళ్లు పడి విరిగిపోతుంది. మెక్సికో పిండి వేరు. వాళ్లు గింజలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. దీన్ని నిష్తమాల్ అంటారు. సున్నం వల్ల పిండికి సాగే గుణం వస్తుంది, మొక్కజొన్నలో చిక్కుకుని ఉన్న నియాసిన్ విటమిన్ ఒంటికి అందుతుంది. ఈ పద్ధతి నేర్చుకోకుండా గింజ ఒక్కటే తీసుకెళ్లిన యూరప్‌లో, మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా జబ్బు వచ్చింది.

కాబట్టి ప్యాకెట్ మీద మాసా హరీనా అని ఉన్నదే కొనాలి. అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్ వైపు ఉన్న తెలుగువాళ్లకు ఇది ఏ మెక్సికన్ కొట్లో అయినా దొరుకుతుంది. మసేకా అన్న బ్రాండ్ అందరికీ తెలిసిందే. మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరికినప్పుడు తెప్పించుకోవాలి. రెండు కప్పుల పిండికి కప్పున్నర గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఉప్పు. చెవి తమ్మెలా మెత్తగా కలిపి, అరగంట తడిబట్ట కప్పండి. నిమ్మకాయంత ఉండ చేసి, పప్పు చెక్కలు ఒత్తినట్టు రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి చదును గిన్నెతో నొక్కండి. అంచులు పగిలితే ఇంకో చెంచా నీళ్లు కలపాలి. బాగా కాలిన పెనం మీద మొదటి వైపు అర నిమిషం, తిప్పి ఒక నిమిషం, మళ్లీ తిప్పితే ఉబ్బుతుంది.

మాసా దొరక్కపోతే గోధుమ రొట్టెతో చేయండి. మెక్సికో ఉత్తరాన, సొనోరా వైపు గోధుమ టోర్టియాలే ఇష్టంగా తింటారు కాబట్టి మరీ తప్పేమీ కాదు. రాంచేరోస్‌కు అలవాటైన రుచి మాత్రం మొక్కజొన్నదే.

అన్నీ సిద్ధమయ్యాక వరస ఇది. సల్సా, గింజలు వేడి చేసి సన్న మంట మీద పెట్టండి. పెనంలో రెండు చెంచాల నూనె కాచి, రొట్టెను ఒక్కో వైపు ఏడెనిమిది సెకన్లు వేసి తీయండి. అప్పడంలా గట్టిపడకూడదు. నూనె పట్టించడం సల్సాకు అది నానిపోకుండా ఉండటానికే. అదే నూనెలో గుడ్లు వేయండి, తెల్లసొన గట్టిపడి పచ్చసొన కదులుతుండగా దించండి. పళ్లెంలో రెండు రొట్టెలు, ఒక్కోదాని మీద ఒక గుడ్డు. సల్సా తెల్లసొన మీద చుట్టూ పోయండి, పచ్చసొన కనబడనివ్వండి. పక్కన గింజలు, పైన పొడిచేసి కాస్త ఉప్పు కలిపిన పనీరు, కొత్తిమీర. అక్కడ వేసే కేసో ఫ్రెస్కో అనే చీజ్ కూడా ఇలాగే పొడిపొడిగా రాలుతుంది. అందరూ కూర్చున్నాక వడ్డించండి, ఇది ఎవరి కోసమూ ఆగదు.

ఒక గుడ్డు మీద ఎర్ర సల్సా, రెండోదాని మీద ఆకుపచ్చ సల్సా పోసి మధ్యలో గింజలు అడ్డం పెడితే దాని పేరు వేవోస్ దివోర్సియాదోస్, విడాకులు తీసుకున్న గుడ్లు. ఆకుపచ్చదానికి టొమాతియో కావాలి. అది పచ్చి టమాటా కాదు, కాగితం లాంటి పొర లోపల కాసే వేరే కాయ. అది దొరకని చోట ఈ జంటను కలిపే ఉంచండి.

పది నిమిషాలే ఉంటే

వేవోస్ ఆ లా మెక్సికానా చేయండి. పచ్చిమిర్చి, తెల్ల ఉల్లి, ఎర్ర టమాటా, వాళ్ల జెండాలోని మూడు రంగులు, అందుకే ఆ పేరు. చూడ్డానికి మన గుడ్డు పొరటే. తేడా రెండు చోట్ల ఉంది. ఉల్లిపాయను ఎర్రబడేదాకా వేయించరు, ఒక్క నిమిషం మెత్తబడితే చాలు. టమాటా గింజలు, రసం తీసేసి ముక్కలుగా వేస్తారు, రెండు నిమిషాల్లో ముక్క ముక్కగానే ఉండాలి. నాలుగు గుడ్లకు ఒక టమాటా, సగం ఉల్లిపాయ, రెండు మిరపకాయలు. కొట్టిన గుడ్లు పోసి, పది సెకన్లు కదపకుండా వదిలి, తర్వాత అట్లకాడతో పెద్ద పెద్ద మడతలుగా తోయండి. ఇంకా కొంచెం తడి మెరుస్తుండగానే స్టవ్ ఆపేయండి, మిగతాది పెనం వేడి చూసుకుంటుంది. పొడిపొడిగా రాలేదాకా వేయిస్తే మళ్లీ పొరటు దగ్గరికే వచ్చేస్తారు.

టోర్టియా చేసినప్పుడు మిగిలిన నూనె వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. దుంప, ఉల్లి వాసన పట్టిన ఆ నూనె తర్వాతి టోర్టియాకు ఇంకా బాగుంటుంది, వారం పది రోజుల్లో వాడేయండి. మిగిలిన టోర్టియా ముక్కను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే, మర్నాడు బన్ను మధ్యలో పెట్టి పిల్లల లంచ్ బాక్సుకు సరిపోతుంది. స్పెయిన్‌లో పొడుగు రొట్టె చీల్చి సరిగ్గా ఇలాగే తింటారు. ఓవెన్‌లో పెట్టి మరీ వేడి చేయకండి, గుడ్డు రబ్బరైపోతుంది. తినే ముందు అరగంట బయట ఉంచితే చాలు.